గుడ్డ చుట్టిన చెంచా

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం మా పాపకు జ్వరం రావడం. దొంగలంటే లేదు, దయ్యాలంటే లేదు, మా అత్తంటే కూడా అంత లేదు. జననికి ఒళ్ళు వెచ్చబడిందంటే మాత్రం ఆ రాత్రి నేను పడుకోను. నిద్రపోతున్న పిల్ల మెడ కింద చెయ్యి పెట్టి చూస్తాను, తీస్తాను, మళ్ళీ పెడతాను. "ఏమ్మే రంజనీ, సుమ్మా ఊరికే తాకి తాకి నువ్వే బిడ్డకు వేడి పుట్టిస్తా ఉండావు," అంటుంది మా అత్త అమ్మణి.

ఈ సంగతి ముందుగా చెప్పకపోతే, ఒక నవల మీద ఒక ఆడమనిషికి ఇంత ప్రేమ, ఇంత కోపం ఎందుకో మీకు అర్థం కాదు.

మేముండేది వాషర్‌మెన్‌పేట్‌లో, బట్టల అంగళ్ళ వెనక సందులో. ఒకే వాకిట్లో వరసగా ఇళ్ళు, నడుమ చేతిపంపు. అందరమూ తెలుగువాళ్ళమే. తాతల తాతలు ఎప్పుడో వచ్చారు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. చదవడం ఎవరికైనా వస్తే అదీ అరవమే. తెలుగు బడికి వెళ్ళింది నేనొక్కదాన్నే. ఏడో తరగతిలో ఉండగా మా అమ్మ మంచాన పడింది. పొయ్యి దగ్గర ఒక మనిషి కావలసి వచ్చింది. బడి ఆగిపోయింది. లెక్కలూ సైన్సూ అక్కడే ఆగాయి. అక్షరాలు మాత్రం నాతో వచ్చేశాయి.

మా ఆయన గిరి మా మేనమామ కొడుకే. బావా అనే పిలుస్తాను. జార్జి టౌన్‌లో పాత పేపరు గొడౌన్‌లో పని. అక్కడికి వచ్చే మూటల్లో తెలుగు పుస్తకం కనబడితే ఓనరును అడిగి తెస్తాడు. ఆయనకు తెలుగులో ఒక్క అక్షరం రాదు. ఒకసారి గేదెల రోగాల పుస్తకం తెచ్చాడు. అదీ చదివాను.

ఆ ఏడు ఎండాకాలంలో తెచ్చిన పుస్తకానికి అట్ట లేదు. ముందు కాగితాలూ లేవు. పేరు లేదు, రాసినవాళ్ళ పేరు లేదు.

"అట్ట లేదే బావా."

"అట్ట చూసేదానికా, చదివేదానికా?" అన్నాడు లుంగీ బిగించుకుంటూ.

అది ఒక ప్రేమ నవల. ఈ కాలందే. అందులో వాళ్ళింట్లో కలర్ టీవీ ఉంది, కారు ఉంది, హీరోయిన్ బ్యాంకులో పని చేస్తుంది. ఆమె పేరు శ్రేయ. డాక్టరు పేరు శివరామ్. మా వాకిట్లో అందరూ దాన్ని 'డాక్టరు కత' అన్నారు.

మధ్యాహ్నాలు మాకొక ఏర్పాటు ఉంది. బట్టల అంగడి నుంచి చీరలు వస్తాయి. కింది అంచుకు లోపలివైపు ఫాల్ గుడ్డ వేసి చేత్తో కుట్టి ఇవ్వాలి. అందరూ వేపచెట్టు నీడలో చాపలు వేసుకుని కూర్చుంటారు. నేను మాత్రం కుట్టను. చదువుతాను. నేను చదివినంతసేపూ నా వంతు చీరలు వాళ్ళే పంచుకుని కుడతారు. నా గొంతు ఆగితే సూదులూ ఆగుతాయి. తలా ఒక మాట అంటారు. మళ్ళీ చదవమంటారు.

డాక్టరు కతను నేను ఎంత ఇష్టపడ్డానో చెప్పాలి. అన్నీ నచ్చలేదు. శివరామ్ నడుమ ఒకచోట అలిగి, నెలల తరబడి ఉత్తరం రాయడు. శ్రేయ కిటికీ దగ్గర నిలబడి ఏడుస్తుంది. నాకు ఒళ్ళు మండింది. "ఉత్తరం రాయని మొగోడికి పెండ్లేంది? రేషన్ అంగడి కాడ నిలబెట్టి నూనె తెమ్మనాల," అంది పొన్నమ్మక్క, సూది పళ్ళతో పట్టుకునే. ఆమె మా వాకిట్లో పెద్దది. భర్త పోయాక ముగ్గురు పిల్లలను ఫాల్స్ కుట్టే పెంచింది. ఆమె మాటకు ఎదురుండదు.

కానీ రైలు పెట్టెలో జరిగే ఘట్టం ఒకటుంది. అక్కడికి వచ్చేసరికి అందరి సూదులూ ఆగిపోయేవి.

శ్రేయ తన అక్క కొడుకును తీసుకుని రైల్లో వెళుతూ ఉంటుంది. పిల్లవాడికి జ్వరం. ఉన్నట్టుండి కళ్ళు తేలేసి కొట్టుకుంటాడు. పెట్టెలో అందరూ అరుస్తారు. శ్రేయ అరవదు. టిఫిన్ క్యారియర్‌లోంచి చెంచా తీస్తుంది, చేతిరుమాలు చుడుతుంది, పిల్లవాడి పళ్ళ మధ్య పెట్టి పట్టుకుంటుంది. పై బెర్తు మీదినుంచి ఒకాయన దిగుతాడు. ఆయనే డాక్టరు శివరామ్. పిల్లవాడు తేరుకున్నాక ఆమె వైపు చూసి అంటాడు: "మీరు భయపడలేదు. భయపడని చేతులను ఇవాళే చూశాను."

ఆ మాట నేను ఎన్నిసార్లు చదువుకున్నానో. అందరికీ వినబడేలా చదివినప్పుడు కథగా చదివాను. ఒంటరిగా చదివినప్పుడు ఆ చేతులు నావైతే ఎలా ఉంటుందో అనుకుంటూ చదివాను. నాది పిల్ల దగ్గితే లేచి కూర్చునే బతుకు. అలాంటి చేతులు నాకు కావాలి.

కావలసింది నాకొక్కదానికే కాదు. వరసలో చివరింట్లో అలివేలు ఉండేది. నాకన్నా చిన్నది. ఆమె భర్త వరదయ్య గేదెల కొట్టంలో పని చేస్తాడు. వాళ్ళ కొడుకు మునిరాజుకు అంతకుముందొకసారి జ్వరంలో అలాగే వచ్చింది. ఆ రోజు అలివేలు పిల్లవాడిని చాప మీద వదిలేసి పంపు దగ్గరికి పరిగెత్తి అరుస్తూ నిలబడిపోయింది. పొన్నమ్మక్క వెళ్ళి ఎత్తుకుంది. ఆ తర్వాత ఎన్నాళ్ళో వాకిట్లో తల వంచుకుని నడిచింది అలివేలు.

"అక్కా, ఆ రైలు కాడ మళ్ళా చదువు," అనేది.

"నిన్ననే కదే చదివినా."

"నాకు నోటికి రావాల. వస్తే చేతికీ వస్తుంది."

నోటికి వచ్చేసింది కూడా. నేను చదువుతుంటే పెదవులు కదిపేది. శివరామ్ మాట దగ్గర సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆమె నడకలో మళ్ళీ తల పైకి లేచింది. అది ఆ పుస్తకం చేసిన మేలు. కాదని నేను ఈ రోజుకూ అనను.

ఆగస్టులో, ఆడి నెల పోగానే వరదయ్యకు మాధవరంలో, పాల కాలనీ పక్కన ఒక కొట్టంలో పని దొరికింది. వాళ్ళు ఇల్లు మారుతున్న రోజు అలివేలుకు ఏమివ్వాలా అని ఆలోచించాను. నా ఎవర్‌సిల్వర్, అదే స్టీలు చెంచా ఒకటి తీశాను. ఫాల్ గుడ్డ ముక్క చుట్టి, ఊడిపోకుండా సన్నకుట్టు వేసి ఇచ్చాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది.

"ఇంక నాకేం బయం లేదక్కా," అంది.

దీపావళి దాటాక, ఐప్పసి నెల వానల్లో జననికి జ్వరం వచ్చింది.

పొద్దున పిల్ల పాలు తాగలేదు. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోతోంది. తడిగుడ్డ పిండుకుని వచ్చేసరికి పాప కళ్ళు పైకి పోయాయి, చేతులు బిగుసుకున్నాయి, ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. మా అత్త తాళంచెవుల గుత్తి తెచ్చి పిల్ల పిడికిట్లో కుక్కింది. నేను అరవలేదు. పరిగెత్తలేదు. చెంచా తీశాను, కొంగు చుట్టాను, పళ్ళ మధ్య పెట్టాను. లోపల నాకు ఆ వాక్యం వినబడుతూనే ఉంది. నా చేతులు వణకలేదు.

పళ్ళు బిగుసుకున్నాయి. ఇంకా నొక్కాను. చిన్న శబ్దం వచ్చింది. గాజుపెంకు విరిగినట్టు. నా కొంగు ఎర్రబడింది.

ఆస్పత్రిలో చూసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. అరవావిడ. అప్పటికి పాప తేరుకుని ఏడుస్తోంది. ఆమె టార్చి వేసి నోరు చూసి, నా కొంగు చూసి, అందులో రక్తానికి అంటుకుని ఉన్న పంటి ముక్కను గోటితో తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఇది ఊపిరిగొట్టంలోకి పోయుంటే పిల్ల ఊపిరాడక పోయుండేది. ఫిట్స్ వల్ల కాదు, నీ చెంచా వల్ల," అంది అరవంలో. "వాయిలే ఎదువుమే వెక్కక్కూడాదు. నోట్లో ఏదీ పెట్టకూడదు. ఎవరు చెప్పారు నీకు?"

నవల్లో చదివాను అని ఎలా చెప్పేది? ఇంట్లో పెద్దవాళ్ళు అన్నాను. పక్కన నిలబడ్డ మా అత్త నన్నొక చూపు చూసింది.

డాక్టరమ్మ మంచం మీద ఒక దిండును పిల్లలా పడుకోబెట్టి చూపించింది. పక్కకు తిప్పాలి, నోట్లోది కారి బయటికి పోయేలాగ. చుట్టూ గట్టి వస్తువులు ఉంటే తీసేయాలి. కాళ్ళూ చేతులూ అదిమి పట్టకూడదు. చాలాసార్లు తనంతట తనే ఆగుతుంది. ఆగాక ఆస్పత్రికి తేవాలి. ఐదు నిమిషాలకూ ఆగకపోతే పిల్లను ఉన్నట్టే తేవాలి.

"మరి తాళంచెవులు?" అని అడిగింది మా అత్త.

"ఇల్లు తాళం వేసుకుని రావడానికి," అంది డాక్టరమ్మ.

ఇంటికి వచ్చి పాప నిద్రపోయాక పుస్తకం తీశాను. రైలు ఘట్టం ఉన్న కాగితం పట్టుకున్నాను, చింపేద్దామని. తిప్పి చూస్తే దాని వెనకవైపు ఇంకొకటి ఉంది. ఊరు చేరాక ప్లాట్‌ఫారం మీద శివరామ్ శ్రేయ కోసం తిరిగి వచ్చే చోటు. సామాను కింద పెట్టి, "మీ పేరు అడగకుండా వెళ్ళిపోలేకపోయాను," అంటాడు. ఆ పుట చదివే నేను పాపకు పాలిస్తూ నవ్వుకున్నది. ఒక వైపు చింపితే రెండో వైపూ పోతుంది.

ఎంతసేపో అలాగే పట్టుకుని కూర్చున్నాను. రాసినవాళ్ళ మీద కోపం వచ్చింది. ఆ మనిషికి ఒక డాక్టరును అడగడానికి తీరిక లేకపోయిందా? ఇంత అందంగా రాయడం తెలిసిన చెయ్యికి ఇది తెలియలేదా? ఉత్తరం రాద్దామంటే పేరు లేదు, అడ్రసు లేదు. మళ్ళీ ఇంకో ఆలోచన. ఆ పుస్తకం లేకపోతే అలివేలు తల ఎత్తేదా? ఆ రోజు నా కాళ్ళు నిలబడేవా? నిలబడే ధైర్యం ఇచ్చింది ఆ పుటే, ఆ ధైర్యాన్ని తప్పు చోట పెట్టించిందీ ఆ పుటే.

చింపలేదు. పెన్ను తీసుకుని అంచున రాశాను: ఇది తప్పు. పిల్లను పక్కకు తిప్పాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. నా చేతిరాత బడి పిల్లల రాతలాగే ఉంటుంది. ఉండనీ అనుకున్నాను.

మర్నాడు పాపకు జ్వరం దిగింది, వాన తెరిపిచ్చింది. చాపలు వేశారు. నేను రైలు ఘట్టమే తీశాను.

"ఏమ్మే, బిడ్డకు అట్టయిందని ఇప్పుడు ఆ కతే చదువుతావా?" అంది పొన్నమ్మక్క.

చదివాను. ఉన్నది ఉన్నట్టు, శివరామ్ మాట దాకా. తర్వాత పుస్తకం ఒళ్ళో మూసి పెట్టుకుని, ఇందులో శ్రేయ చేసింది ఎవరూ చేయకండి అన్నాను. ఆస్పత్రిలో చెప్పిందంతా చెప్పాను.

పొన్నమ్మక్క సూదిని చీరకు గుచ్చి తలెత్తింది.

"అదెట్ట తప్పవుతాది?" అంది పొన్నమ్మక్క. "అచ్చేసినారు కదా. అందులోనూ ఆడ ఉండేది డాక్టరు. ఆయనే మెచ్చుకున్నాడే."

"ఆయన కాగితం డాక్టరు అక్కా."

"నువ్వు చూసిన డాక్టరమ్మ చిన్న పిల్ల అంటివి. దానికేం తెలుసు? నాలిక కరుచుకోదా?"

"కరుచుకుంటే మానతాది. ఇది మానేది కాదు," అని జననిని దగ్గరికి లాక్కుని పెదవి కిందికి లాగి చూపించాను. విరిగిన పన్ను. పాప పొన్నమ్మక్క వేలిని కొరకబోయింది.

"పన్ను లేకున్నా వాయాడి తగ్గలేదు," అంది మా అత్త. వాయాడి అంటే మా వైపు నోటి దురుసు పిల్ల అని. అందరూ నవ్వారు. పొన్నమ్మక్క మాత్రం నవ్వలేదు. పాప నోట్లోకి వంగి చూసింది, సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసేలాగ.

"సరి, ఎట్ట పడుకోబెట్టాలో చూపించు," అంది.

చాప మీద జననిని పడుకోబెట్టి చూపించాను. ఒక్కొక్కరూ వచ్చి తిప్పారు. పాపకు అది ఆటైంది. తిప్పినప్పుడల్లా వెల్లకిలా అయిపోయి, మళ్ళీ తిప్పమని చేతులు చాచేది. ఆఖరికి పొన్నమ్మక్క తిప్పింది, అందరికన్నా బాగా తిప్పింది. ఆమె ముగ్గురు పిల్లలను పెంచిన మనిషి.

"ఈడ ఉండేవాళ్ళకు చెప్పేస్తివి," అంది లేస్తూ. "ఆడ ఉండేదానికి ఎవరు చెప్తారు? చెంచా నువ్వే కదా కుట్టిచ్చింది."

నేను పొద్దున్నించీ ఆలోచిస్తున్నది అదే.

ఆ సాయంత్రం బావతో అన్నాను. "ఆదివారం పోదాం," అన్నాడు. గొడౌన్‌లో వాన నీళ్ళు వచ్చాయట, సెలవు ఇవ్వరట.

"ఆదివారం దాకా మునిరాజుకు జ్వరం రాకుండా ఎవరు చూస్తారు బావా?"

"నువ్వు ఒంటరిగా పోయింది మింట్ బస్టాండు దాకానే."

"మింట్‌లోనే కదా బస్సెక్కేది."

ఆయన గొడుగు తీసి తలుపు పక్కన పెట్టాడు. మా ఇంట్లో సరే అనడం అలాగే ఉంటుంది.

మా అత్త పాపను తన దగ్గర వదలమంది. వదల్లేదు. నాకు కనబడకుండా ఉంటే నా చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. జననిని చంకనెత్తుకుని, సంచిలో తడిగుడ్డ, నీళ్ళ సీసా పెట్టుకుని మింట్‌లో బస్సెక్కాను. బస్సు మీద అరవం బోర్డు కూడబలుక్కుని చదివాను. అయినా నమ్మకం లేక కండక్టరును అడిగాను, పక్కామెను అడిగాను, మళ్ళీ కండక్టరును అడిగాను. "ఎన్నిసార్లు అడిగినా ఇది మాధవరమే పోతుందమ్మా," అన్నాడు. దారంతా పాప మెడ కింద చెయ్యి తీయలేదు.

పాల కాలనీ దగ్గర దిగేసరికి సన్నగా వాన. పేడ, పచ్చిగడ్డి వాసన. కొట్టాల వెంట అడుగుతూ వెళ్ళాను. వరదయ్య అంటే ఎవరికీ తెలియలేదు. చివరికి ఒక టీ అంగడాయన గుర్తుపట్టాడు. పేరు ఆదికేశవులు. నా అరవం వినగానే తెలుగులోకి దిగాడు.

"మనోళ్ళేనా? వరదయ్య ఈడ లేడమ్మా. కొట్టం ఓనరు గేదెలన్నీ అమ్మేసినాడు. పని పాయె. వాళ్ళు ఉండిన ఇల్లు అదో, ఆ పచ్చ తలుపు."

పచ్చ తలుపుకు తాళం. పక్కింట్లోంచి ఒకామె వచ్చింది. సెలీనా అని చెప్పింది. అరవావిడే. అలివేలు పేరు చెప్పగానే ముఖం విప్పారింది.

"చెంచా పిల్లవాడి తల్లేనా?" అంది.

నేను అర్థం కానట్టు చూశాను.

"వాడి మొలతాడుకు గుడ్డ చుట్టిన చెంచా ఒకటి కట్టి ఉంటుంది. ఎందుకని అడిగితే, మా అక్క ఇచ్చింది, వాడికి ఎప్పుడైనా వస్తే చేతికి అందాలి కదా అంటుంది. వాడు నడిస్తే అది తొడకు తగులుతూ ఉంటుంది. ఈ వీధి పిల్లలందరికీ నవ్వు."

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. ఊడిపోకుండా వేసిన సన్నకుట్టు గుర్తొచ్చింది.

"ఈ మధ్య వాడికి ఎప్పుడైనా వచ్చిందా?"

"ఇక్కడ ఉన్నన్నాళ్ళూ రాలేదు. దేవుడి దయ. దీపావళికి ముందు వెళ్ళిపోయారు. రెడ్‌హిల్స్ దాటి ఎక్కడో కొట్టం అన్నారు. పొన్నేరి దారిలో అన్నట్టు కూడా గుర్తు. ఊరి పేరు చెప్పింది, నేనే మరిచిపోయాను."

ఆమెకు అంతా చెప్పాను. సెలీనాకు ఇద్దరు పిల్లలు. ఆమె కూడా చెంచాయే పెట్టాలనుకుంటోంది. పుస్తకం చదివి కాదు, ఎవరో చెప్పగా విని. జననిని ఆమె అరుగు మీదే పడుకోబెట్టి తిప్పి చూపించాను. ఆదికేశవులు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి నిలబడి చూశాడు. పాల వ్యాన్ల డ్రైవర్లు తన అంగడికే వస్తారని, వాళ్ళు రెడ్‌హిల్స్ వైపు తిరుగుతారని, వరదయ్య సంగతి అడిగి పెడతానని అన్నాడు. నా చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు, డ్రైవర్లకు ఎలా చెప్పాలో.

"చంకలో పిల్లను పెట్టుకుని ఈ వానలో ఒంటరిగా వచ్చావా?" అంది సెలీనా. "భయం లేదా నీకు?"

"ఉంది," అన్నాను.

శివరామ్ గుర్తొచ్చాడు. ఆయన ఈ అరుగు దగ్గర ఉంటే ఏమనేవాడో నాకు తెలియదు. భయపడే చేతుల గురించి ఆ పుస్తకంలో ఏమీ లేదు. ఆ రోజు నన్ను బస్సెక్కించింది ఆ చేతులే.

మరుసటి ఆదివారం బావతో కలిసి రెడ్‌హిల్స్ వెళ్ళాను. ఆ పైవారం పొన్నేరి దారిలో కొంత దూరం వెళ్ళాం. గేదెల కొట్టాలు ఎక్కడ చూసినా ఉన్నాయి. వరదయ్య ఎక్కడా లేడు. ఒక కొట్టం దగ్గర, అలాంటి కుటుంబం వచ్చి ఉండలేక ఇంకోచోటికి పోయిందన్నారు. వాళ్ళేనో కాదో తెలియదు. ఆదికేశవులు కూడా ఇంకా ఏ కబురూ పంపలేదు. పొంగల్ దాటినా వెతకడం ఆపను. బావకు ఆదివారాలన్నీ దీనికేనని చెప్పేశాను. ఆయన గొడుగుకు కొత్త పుల్ల వేయించాడు.

డాక్టరు కత ఇంకా మా ఇంట్లోనే ఉంది. దానికి గోధుమరంగు కాగితంతో అట్ట వేశాను. వాకిట్లో మళ్ళీ మొదటినుంచి చదువుతున్నాను, వాళ్ళే అడిగారు. రైలు దగ్గరికి వస్తే ఆ ఘట్టం చదువుతాను, ఆపుతాను, అంచున రాసింది చదువుతాను, అప్పుడే పుట తిప్పుతాను. పొన్నమ్మక్కకు అంచున ఉన్నది కూడా నోటికి వచ్చేసింది. శ్రేయ అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. ఆమెకు సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు, అంతే. ఆ నవల రాసినవారు దీన్ని చూస్తే, మళ్ళీ అచ్చు వేసేటప్పుడు ఆ ఒక్క పుట మార్చమని అడుగుతున్నాను. చెంచా లేకపోయినా శివరామ్ ఆమెను ప్రేమిస్తాడు. ప్రేమించకపోతే అలాంటివాడు ఆమెకు వద్దు.

నేను రాసింది అలివేలు చదవలేదు. ఆమెకు అక్షరాలు రావు. చదివి వినిపించే మనిషి పక్కన ఉందో లేదో తెలియదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు మాధవరం అవతల, రెడ్‌హిల్స్ వైపో పొన్నేరి వైపో ఉండేవాళ్ళయితే, పాల కోసమో పని మీదో ఏదైనా గేదెల కొట్టం దగ్గరికి వెళ్ళేవాళ్ళయితే, మా మాదిరి తెలుగు మాట్లాడే సన్నటి మనిషి, ఆమె పక్కన మొలతాడుకు గుడ్డ చుట్టిన చెంచా వేలాడే పిల్లవాడు కనబడితే, దయచేసి ఆగండి. రంజనక్క పంపిందని చెప్పండి. చెంచా విప్పించండి, గుడ్డ కోసేసి అన్నం తినడానికి ఉంచుకోమనండి. పిల్లవాడిని పక్కకు ఎలా తిప్పాలో చేసి చూపించండి. అదంతా తర్వాత. వెళ్ళగానే ముందు మునిరాజు ఎలా ఉన్నాడో చూడండి.